గనిలో మొదలైన హిరోషిమా

1945 ఆగస్టు 6వ తేదీ ఉదయం 8 గంటల 15 నిమిషాలకు జపాన్‌లోని హిరోషిమా నగరంపై అమెరికా సైన్యం వేసిన అణుబాంబు, యుద్ధంలో మనుషులపై ప్రయోగించిన మొట్టమొదటి అణ్వాయుధం. ఈ చరిత్రను చెప్పే పుస్తకాలు చాలావరకు ‘ఎనోలా గే’ అనే బి-29 విమానం టినియన్ దీవి నుంచి బయలుదేరడంతో మొదలుపెట్టి, నగరంపైన లేచిన పుట్టగొడుగు ఆకారపు మేఘం దగ్గర ఆగిపోతాయి. విమానం ఎక్కడానికి ముందు ఆ బాంబులోని లోహం ఎక్కడి మట్టిలో ఉండేదో, దాన్ని ఎవరు తవ్వి తీశారో, మేఘం చెదిరిపోయిన తర్వాత దాని శేషం ఎవరి ఒంట్లో, ఎవరి నీళ్లలో మిగిలిందో చెప్పే పుస్తకాలు తక్కువ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, తిరుమలగిరి ప్రాంతాల శ్రోతలకు ఈ రెండో కథే ఎక్కువ అవసరం. ఎందుకంటే అలాంటి లోహపు ముడి ఖనిజం పాత నల్లగొండ జిల్లాలోనే, కోదాడ, మిర్యాలగూడ పొలాలకు నీరిచ్చే నాగార్జునసాగర్ జలాశయానికి సమీపంలో భూమిలో ఉంది.

ఆ లోహం యురేనియం. ప్రకృతిలో దొరికే యురేనియం ఒకే రకపు పరమాణువుల ముద్ద కాదు. అందులో 99 శాతానికి పైగా యురేనియం-238 అనే బరువైన రకం, కేవలం 0.7 శాతం యురేనియం-235 అనే తేలికైన రకం ఉంటాయి. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు యురేనియంపై న్యూట్రాన్లను ప్రయోగించి, దానికంటే ఎంతో తేలికైన బేరియం అనే మూలకం పుట్టడం గమనించారు. నాజీల యూదు వ్యతిరేక చట్టాల వల్ల అంతకు కొన్ని నెలల ముందే జర్మనీ విడిచి పారిపోయిన వారి సహచరి లీజ్ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్ కలిసి, పరమాణువు నడుమనుండే కేంద్రకం రెండుగా చీలిపోతోందని, ఆ చీలికలో కొంత ద్రవ్యం శక్తిగా మారుతోందని వివరించారు. దీన్నే కేంద్రక విచ్ఛిత్తి అంటారు. ఒక కేంద్రకం చీలినప్పుడు బయటపడే రెండు మూడు న్యూట్రాన్లు పక్క కేంద్రకాలను చీల్చడం, వాటి నుంచి వచ్చినవి మరికొన్నింటిని చీల్చడం శృంఖలా చర్య. ఈ చర్య ఆగకుండా సాగడానికి కావలసిన కనీస పరిమాణాన్ని సందిగ్ధ ద్రవ్యరాశి అంటారు. ఆ పరిమాణానికి లోబడినంతవరకు ముక్క నిరపాయంగా పడి ఉంటుంది, దాన్ని దాటిన క్షణంలో సెకనులో పది లక్షల వంతు కాలంలోనే చర్య ముగిసిపోతుంది.

హిరోషిమాపై వేసిన బాంబుకు ‘లిటిల్ బాయ్’ అని పేరు పెట్టారు. దాని నిర్మాణం సూత్రరీత్యా ఒక ఫిరంగి గొట్టం లాంటిది: విడివిడిగా ఉంచిన రెండు యురేనియం భాగాలలో ఒకదాన్ని మందుగుండుతో రెండోదానిపైకి పేల్చి, రెండూ కలిసిన క్షణంలో సందిగ్ధ ద్రవ్యరాశి దాటేటట్టు చేశారు. ఈ పద్ధతి ఎంత సులువైనదంటే, దాన్ని ముందుగా పేల్చి చూడవలసిన అవసరమే లేదని శాస్త్రవేత్తలు భావించారు. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో పరీక్షించినది దీన్ని కాదు, ఆగస్టు 9న నాగసాకిపై పడబోయే ప్లుటోనియం బాంబు నమూనాను. లిటిల్ బాయ్‌లో ఉన్న యురేనియం దాదాపు 64 కిలోలు, అందులో నిజంగా విచ్ఛిత్తి చెందినది ఒక కిలో కంటే తక్కువ, ఆ కిలోలో శక్తిగా మారిన ద్రవ్యం ఒక గ్రాము కూడా లేదు. ఆ గ్రాములోపు ద్రవ్యమే దాదాపు 15,000 టన్నుల పేలుడు మందుకు సమానమైన శక్తిని విడుదల చేసింది.

కష్టమంతా ఆ 64 కిలోలను సంపాదించడంలోనే ఉంది. అందులో సగటున 80 శాతం యురేనియం-235 ఉండాలి, ప్రకృతి ఇచ్చేది 0.7 శాతమే, రసాయనికంగా ఏ తేడా లేని, బరువులో మాత్రం నూటికి ఒకటిన్నర వంతు కన్నా తక్కువ తేడా ఉన్న రెండు రకాలను వేరుచేయడానికి అమెరికా టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌లో ఒక రహస్య నగరాన్నే కట్టింది. ఈ వేరుచేసే పనినే పత్రికల భాషలో యురేనియం శుద్ధి అంటున్నారు. ఒక చిన్న లెక్క వేసి చూస్తే గని ప్రాధాన్యం తెలుస్తుంది. 64 కిలోలలో 80 శాతం అంటే 51 కిలోల యురేనియం-235. ఒక్క రవ్వ కూడా వృథా కాలేదనుకున్నా, దానికి కనీసం 7 టన్నుల ప్రకృతి యురేనియం కావాలి. వెయ్యి కిలోల రాతిలో ఒక కిలో యురేనియం ఉండే సాధారణ గని నుంచి ఆ 7 టన్నులు తీయాలంటే 7,000 టన్నుల రాయి తవ్వి, నూరి, ఆమ్లంలో నానబెట్టాలి. వాస్తవంలో వృథా ఎక్కువ కాబట్టి తవ్వవలసింది దీనికి ఎన్నో రెట్లు.

అమెరికాకు ఆ శ్రమ చాలావరకు తప్పించినది ఆఫ్రికాలోని బెల్జియన్ కాంగో. అక్కడి కటంగా ప్రాంతంలోని షింకొలోబ్వే గనిలో రాతిలో సగానికి పైగా యురేనియం ఆక్సైడ్ ఉండే ఖనిజం దొరికేది, అటువంటి సాంద్రత ప్రపంచంలో మరెక్కడా తెలియదు. గని యజమాని అయిన యూనియన్ మినియేర్ సంస్థ అధిపతి ఎడ్గార్ సెంజియే, జర్మన్లు బెల్జియంను ఆక్రమించిన 1940లోనే దాదాపు 1,200 టన్నుల ఖనిజాన్ని ఓడల్లో న్యూయార్క్‌కు పంపి, స్టాటెన్ ద్వీపంలోని ఒక గిడ్డంగిలో దాచి ఉంచాడు. 1942 సెప్టెంబరులో బాంబు పథకపు అధికారి కెనెత్ నికల్స్ అతని దగ్గరకు వెళ్లేసరికి సరుకు సిద్ధంగా ఉంది. సెంజియేకు ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ పతకం లభించింది. గనిలో దిగి ఆ రాయిని తవ్వి, ఏరి, బస్తాలకెత్తిన కాంగో కూలీల పేర్లు గానీ, వారికి తర్వాత ఏ జబ్బులు వచ్చాయన్న వివరాలు గానీ చరిత్ర గ్రంథాలలో దాదాపు కనిపించవు. అదే పథకానికి కెనడాలోని గ్రేట్ బేర్ సరస్సు ఒడ్డు గని నుంచి కూడా వచ్చిన ఖనిజాన్ని పడవలకెత్తినవారు డెనే అనే ఆదివాసులు. తాము మోసిన బస్తాల్లో ఏముందో చాలాకాలానికి తెలిసిన తర్వాత, 1998 ఆగస్టులో డెనే ప్రతినిధులు కొందరు హిరోషిమాకు వెళ్లి, బాంబు నుంచి బతికి బయటపడినవారిని కలిసి తమ విచారం తెలియజేశారు. బాంబు తయారీకి ఆజ్ఞాపించిన ప్రభుత్వం చేయని పనిని, తెలియక కూలి చేసినవారు చేశారన్నది గమనించదగిన విషయం.

బాంబు వేయాలన్న నిర్ణయం గురించిన చర్చ ఎనభై ఏళ్లుగా సాగుతూనే ఉంది. జపాన్ ప్రధాన భూభాగంపై దండెత్తితే పోయే ప్రాణాలను ఇది కాపాడిందని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పక్షం వాదించింది. ఆగస్టు 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించడమే జపాన్ లొంగుబాటుకు ఎక్కువ కారణమని కొందరు చరిత్రకారులు ఆధారాలు చూపారు. జనంలేని చోట ముందు ప్రదర్శించి చూపాలని జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలోని శాస్త్రవేత్తలు 1945 జూన్‌లోనే నివేదిక ఇచ్చారు, దాన్ని ప్రభుత్వం అంగీకరించలేదు. ఏ వాదన ఎంత బలమైనదైనా, దాదాపు 3,50,000 మంది ఉన్న నగరం నడిబొడ్డును గురిగా ఎంచుకున్నారన్న వాస్తవం మారదు.

అప్పటి తెలుగు నేల ఈ యుద్ధానికి దూరంగా లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. రంగూన్‌లో రేవుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే తెలుగువారు జపాన్ దాడులకు భయపడి వేలాదిగా తిరిగివచ్చారు, ఓడ దొరకనివారు అరకాన్ కొండల మీదుగానూ, మణిపూర్ దారిలోనూ నడిచి వచ్చారు, దారిలో ఎందరో చనిపోయారు. నిజాం ఏలుబడిలోని నల్లగొండ జిల్లాకు మాత్రం యుద్ధం లెవీ గల్లా రూపంలో వచ్చింది. అంటే రైతు పండించిన ధాన్యంలో ఇంత భాగాన్ని సర్కారు నిర్ణయించిన తక్కువ ధరకు కొలిచి ఇచ్చి తీరాలన్న నిర్బంధం. దొరలు, దేశ్‌ముఖ్‌లు తమ వాటా ఎగవేసి భారాన్ని చిన్న రైతులపైకి నెట్టడం వల్ల తిరుమలగిరి, తుంగతుర్తి, జనగామ ప్రాంతాల పల్లెల్లో ఆంధ్ర మహాసభ సంఘాలు బలపడ్డాయి, 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలి కావడంతో ఆ ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. హిరోషిమా వార్త ఈ ప్రాంతానికి చేరిన నాటికి, ఇక్కడి గ్రామాలు తమ సొంత యుద్ధపు గడపలో ఉన్నాయి.

హిరోషిమాలో బాంబు నేలను తాకలేదు. భూమికి దాదాపు 600 మీటర్ల ఎత్తున, షిమా అనే వైద్యుని ఆసుపత్రికి సరిగ్గా పైన పేలింది. అంత ఎత్తున పేల్చడం వల్ల పేలుడు ఒత్తిడి ఎక్కువ విస్తీర్ణానికి పాకుతుందని ముందే లెక్క కట్టారు. మొదట వేడి, వెంటనే గాలి ఒత్తిడి, వాటితోపాటు గామా కిరణాలు, న్యూట్రాన్లు మనుషులను తాకాయి. కొయ్య ఇళ్ల నగరం కాబట్టి మంటలు ఒకదానితో ఒకటి కలిసి మహాగ్నిగా మారాయి. మసి, ధూళి, అణుధార్మిక కణాలు కలిసి కొన్ని చోట్ల నల్లని వానగా కురిశాయి, దాహంతో ఉన్నవారు ఆ నీటిని తాగారు. నగరంలోని వైద్యులు, నర్సులలో పదింట తొమ్మిది మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. 1945 చివరినాటికి చనిపోయినవారు దాదాపు 1,40,000 మంది అని హిరోషిమా నగరపాలన అంచనా, నాగసాకిలో దాదాపు 70,000. ఈ అంకెలు అంచనాలుగానే మిగలడానికి కారణం ఉంది: కుటుంబాలకు కుటుంబాలే చనిపోయిన చోట లెక్క చెప్పేవారు లేరు, నగర రికార్డులు తగలబడిపోయాయి, సైనికులు, పనికి తరలించిన కొరియా కూలీలు ఏ జాబితాలోనూ సరిగా లేరు.

గాయం ఏమీ కనిపించని మనుషులు రెండు మూడు వారాల తర్వాత జుట్టు రాలి, చిగుళ్ల నుంచి రక్తం కారి, ఒంటిపై ఊదారంగు మచ్చలు పడి చనిపోవడం వైద్యులకు అంతుపట్టలేదు. కిరణాలు ఎముకల మూలుగను దెబ్బతీయడం వల్ల కొత్త రక్తకణాలు పుట్టక వచ్చే స్థితి అది. ఏళ్లు గడిచాక రక్త క్యాన్సర్లు, ఆ తర్వాత ఇతర క్యాన్సర్లు పెరిగాయి. కంటికి కనబడని, నాలుకకు రుచి తెలియని పదార్థం ఒంట్లో చేరి సంవత్సరాల తర్వాత మనిషిని వంచేయడం ఏమిటో నల్లగొండ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో రెండు మూడు తరాలు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయి బతికాయి. రెండింటి యంత్రాంగం వేరు: ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుని దాన్ని బిరుసెక్కిస్తుంది, కిరణాలు కణంలోని జన్యు పదార్థాన్ని తెంచుతాయి. అయితే రేడియం, స్ట్రాన్షియం వంటి అణుధార్మిక మూలకాలు కాల్షియంను పోలి ఉండటం వల్ల అవి కూడా వెళ్లి చేరేది ఎముకల్లోనే. పైగా ఈ జిల్లా నీళ్లలోకి ఫ్లోరైడ్‌ను వదిలిన గ్రానైట్ రాయే, ఇక్కడి యురేనియానికి కూడా మూలం.

అమెరికా ఆక్రమణ సైన్యం 1945 సెప్టెంబరు నుంచి జపాన్ పత్రికలపై విధించిన ఆంక్షల వల్ల బాంబు రోగాల గురించి రాయడం ఏళ్లపాటు కష్టమైంది. 1947లో అమెరికా హిరోషిమాలో ఏర్పాటు చేసిన అణుబాంబు క్షతగాత్రుల పరిశీలక సంఘం, బతికి బయటపడినవారిని పిలిచి పరీక్షించేది, రక్తం తీసుకునేది, చికిత్స మాత్రం చేసేది కాదు. ఇప్పటికీ ప్రపంచమంతటా కిరణాల ప్రమాద పరిమితులు నిర్ణయించేది ప్రధానంగా ఆ బాధితుల జీవితాల అధ్యయనం ఆధారంగానే. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గనిలో దిగే కార్మికునికి వర్తించే పరిమితి కూడా అంతిమంగా వారి ఒంటి మీద నుంచి వచ్చినదే. జపాన్‌లో వారిని హిబాకుషా అంటారు. జబ్బు వంశంలో పాకుతుందన్న భయంతో వారికి పెళ్లి సంబంధాలు, ఉద్యోగాలు దొరకడం కష్టమైంది. వారి సంఘాల సమాఖ్య అయిన నిహోన్ హిడాంక్యో 1956లో ఏర్పడింది, 2024లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది.

తెలంగాణ గడ్డపై అణు పరిశ్రమ కొత్తది కాదు. దేశమంతటా యురేనియం కోసం వెతికే అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలో ఉంది. 1970ల ఆరంభంలో మౌలాలి దగ్గర నెలకొల్పిన అణు ఇంధన సముదాయం దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధన కడ్డీలను తయారు చేస్తోంది. ఆ అన్వేషణ సంస్థే 1990లలో నల్లగొండ జిల్లా దక్షిణ కొసన లంబాపూర్, పెద్దగట్టు గ్రామాల దగ్గర యురేనియం నిక్షేపాలను నిర్ధారించింది. ఈ పెద్దగట్టు వేరు, సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో లింగమంతుల స్వామి జాతర జరిగే పెద్దగట్టు వేరు. పేరు విని శ్రోతలు పొరబడవచ్చు. లంబాపూర్ దగ్గరి భూగర్భ నిర్మాణం ఇలా ఉంటుంది: అడుగున అతి ప్రాచీనమైన గ్రానైట్, దానిపైన కోట్ల ఏళ్ల విరామం తర్వాత పేరుకున్న శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే గట్టి ఇసుకరాతి పొర, గ్రానైట్ నుంచి కరిగి కదిలిన యురేనియం ఈ రెండూ కలిసే సరిహద్దు వెంట పోగయింది. అందువల్లనే ఖనిజం పెద్ద లోతున కాక, కొండల కింద తక్కువ లోతులోనే పరుచుకుని ఉంది. సాంద్రత మాత్రం తక్కువ, రాతిలో వెయ్యో వంతు లేదా అంతకంటే తక్కువ.

భారత యురేనియం సంస్థ అక్కడ గనులు తెరవాలని, సమీపంలోనే రాతి నుంచి యురేనియం తీసే కర్మాగారం కట్టాలని ప్రతిపాదించింది. 2003 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో లంబాడా తండాల వారు, రైతులు, పర్యావరణ సంఘాలు గట్టిగా వ్యతిరేకించారు. కర్మాగారం స్థలాన్ని మల్లాపురం నుంచి దేవరకొండ వైపున ఉన్న శేరిపల్లికి మార్చినా వ్యతిరేకత తగ్గలేదు. హైదరాబాద్‌కు కృష్ణా తాగునీరు అందించే అక్కంపల్లి జలాశయం కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. గనుల పక్కన ఉన్న నాగార్జునసాగర్ సంగతి అంతకంటే పెద్దది. 1967 ఆగస్టులో నీరు వదిలినప్పటి నుంచి దాని ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్ట భూములను వరి మాగాణులుగా మార్చింది, మిర్యాలగూడను రైస్ మిల్లుల పట్టణంగా నిలబెట్టింది. తిరుమలగిరి, తుంగతుర్తి వైపు వచ్చేది శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వ నీరు కాబట్టి ఆ ప్రాంతానికి ఈ ఆందోళన నేరుగా తగలదు గానీ, జిల్లా ధాన్యపు బజారు అంతా ఒకటే.

ఖనిజం సాంద్రత తక్కువ కాబట్టి కిరణాల ప్రమాదమూ తక్కువేనని, వ్యర్థాల చెరువు అడుగున నీరు ఇంకని పొర వేస్తామని సంస్థ చెప్పింది. మొదటి మాటలో కొంత నిజం ఉంది. ముడి రాయి చేతిలో పట్టుకున్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. అయితే సాంద్రత తక్కువ కావడానికి మరో వైపు కూడా ఉంది: ఒక కిలో యురేనియం తీస్తే టన్నుకు పైగా నూరిన రాతిపిండి బురదగా మిగులుతుంది. ముడి రాతిలో ఉండే అణుధార్మికతలో యురేనియంతోపాటు వెళ్లిపోయేది కొద్ది భాగమే, దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని థోరియం-230 అర్ధాయువు, అంటే దాని పరిమాణం సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 75,000 సంవత్సరాలు. అది క్షీణిస్తూ రేడియంను, రేడియం క్షీణిస్తూ రాడాన్ అనే వాయువును పుట్టిస్తూనే ఉంటాయి. పొర నాణ్యతకు ఇచ్చే హామీ ఏదైనా ఈ కాలంతో పోలిస్తే చిన్నదే.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా వేరుచేసి చెప్పాలి. నల్లగొండ యురేనియం ఉద్దేశించినది విద్యుత్ కేంద్రాలకు, బాంబులకు కాదు. 1974 మే 18న పోఖ్రాన్‌లో భారత్ పేల్చిన అణు పరికరంలో వాడినది, ట్రాంబేలో కెనడా సహాయంతో కట్టిన సైరస్ రియాక్టర్ నుంచి వచ్చిన ప్లుటోనియం. అయినా ప్లుటోనియం పుట్టేది రియాక్టర్‌లో కాల్చిన యురేనియంలోనే కాబట్టి, విద్యుత్తుకు, ఆయుధానికి మధ్య గోడ ఉండేది ప్రభుత్వాల ఒప్పందాలలోనే తప్ప రాతిలో కాదు. గని అంచున ఉన్న తండాకు ఆ తేడా పెద్దగా పట్టదు, బురద చెరువు రెండు సందర్భాల్లోనూ ఒకటే.

కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో గని, కర్మాగారం పని మొదలుపెట్టాక, వ్యర్థాల చెరువుకు సమీప గ్రామాల రైతులు తమ బోర్ల నీరు పాడైందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు, సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఆ అనుభవం తెలంగాణలో గట్టిగా వినబడింది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వెలుగులోకి వచ్చినప్పుడు నల్లమల చెంచులతో మొదలైన నిరసన హైదరాబాద్ దాకా పాకింది, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. శాసనసభ తీర్మానం ఒక రాజకీయ ప్రకటన, అణు ఖనిజాలపై చట్టపరమైన అధికారం కేంద్ర ప్రభుత్వానిది. లంబాపూర్, పెద్దగట్టు కొండల కింది ఖనిజం తవ్వకం మొదలుకాలేదు. అణు ఖనిజాల సంస్థ లెక్కల్లో అది దేశపు యురేనియం నిల్వలలో భాగంగానే నమోదై ఉంది.